కాలువ ఎచింగ్‌లో ఆ నిశ్శబ్దం ఎలా వస్తుంది?

రాగిరేకు:
కాలువ, పక్కన పాత ఇళ్లు, ఒక వంతెన, ఖాళీ పడవ. ఎచింగ్‌లో (రాగిరేకు మీది పూతలో సూదితో గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో లోతు చేసి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీయడం) ఇది నా మూడో ప్లేటు. గోడలో ఇటుకలన్నీ గీశాను, నీళ్లలో అలలన్నీ గీశాను. ప్రింట్ తీస్తే సంతలా ఉంది! ఎక్కడ తప్పుతోందంటారు?

తడికాగితం:
నీళ్లలోనే. నేనూ అలాగే చేసేదాన్ని. ఇప్పుడు ఇళ్ల నీడ పడే చోట నాలుగు నిలువు గీతలు, గట్టు దగ్గర ఒకటో రెండో అడ్డగీతలు, అంతే. మిగతాది కాగితానికే వదిలేస్తాను.

గాజుకిటికీ:
అమెరికన్ చిత్రకారుడు విస్లర్ చేసిన వెనిస్ ప్రింట్లు చూడండి. 1879లో లండన్‌లోని ఫైన్ ఆర్ట్ సొసైటీ 12 ఎచింగ్‌లు చేసుకు రమ్మని పంపితే, 14 నెలలు అక్కడే ఉండిపోయి 50 దాకా చేశాడు. వాటిలో రాత్రి దృశ్యమైన ‘నాక్టర్న్’లో గీతలు చాలా తక్కువ. చీకటంతా తుడవడంలో ఉంది. ప్లేటు మీద ఇంకు పలచని పొరలా వదిలేసేవాడు. అందుకే ఒక ప్రింట్ మునిమాపులా, ఇంకోటి అర్ధరాత్రిలా ఉంటుంది.

సూదిమొన:
అది తుడిచే చేతి గొప్ప, సూదిది కాదంటాను (కోప్పడకండి). వెనిస్ చిత్రకారుడు కానలెట్టో 1740లలో చేసిన ఎచింగ్‌లు చూశారా? గీతల మీద అడ్డంగా గీతలు వేయడం బాగా తక్కువ. పక్కపక్కనే కాస్త వణుకుతూ సాగి, మధ్యలో తెగిపోతాయి. తెగిన చోటే ఎండ. ఇంకు పొర సాయం లేకుండానే ఎంత నెమ్మదిగా ఉంటుందో!

గాజుకిటికీ:
ఒప్పుకుంటాను, కానీ అది మధ్యాహ్నపు నిశ్శబ్దం. నాకు రాత్రిదే కావాలి.

తడికాగితం:
రాగిరేకు గారూ, యాసిడ్‌లో ప్లేటంతా ఒకేసారి పెట్టారా?

రాగిరేకు:
అవునండీ. ఒకే ముంపు.

తడికాగితం:
ఇంకేం! కాసేపటికే తీసి, దూరపు ఇళ్లకు ఇక యాసిడ్ తగలకుండా వార్నిష్ పూసి, దగ్గరి గోడ కోసం మళ్లీ ముంచాలి. దూరం లేతగా ఉంటేనే మధ్యలో గాలి ఉన్నట్టు అనిపిస్తుంది. ఒకసారి ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయాను, దూరంగా ఉండాల్సిన గోపురం వచ్చి పడవలో కూర్చున్నట్టయింది.

సూదిమొన:
విషయం వేరే అనుకోండి, విస్లర్ వీధిలోనే నేరుగా ప్లేటు మీద గీసేవాడు. అచ్చు తీస్తే ప్లేటు మీది బొమ్మ తిరగబడుతుంది కదా, అందుకే ప్రింట్‌లో వెనిస్ కుడి ఎడమలు తారుమారు. సరిచేయాలని పట్టించుకోలేదు.

రాగిరేకు:
వారం తర్వాత వచ్చాను. కొత్త ప్లేటు మొదలుపెట్టే ఓపిక లేక, అలలను స్క్రేపర్‌తో గీకి బర్నిషర్‌తో రుద్దాను. పూర్తిగా పోలేదు, మసకగా మిగిలాయి. నీళ్ల మీద ఇంకు కాస్త వదిలి తీశాను. పడవ ఇంకా మరీ నల్లగా ఉంది గానీ, సంత మాత్రం లేచిపోయింది.