వ్యాలీ కర్వ్ పొడవు ఒక పరావలయంతో, ఆకారం మరొక పరావలయంతో లెక్కించవచ్చునా?

రోడ్ల డిజైన్‌లో అనుభవమున్న పెద్దలకు నమస్కారం. మా కళాశాల ప్రాజెక్టు కోసం కడప నుండి రాయచోటి వైపు ఒక వంకను దాటే రోడ్డుకు వ్యాలీ కర్వ్ (దిగే వాలు, ఎక్కే వాలు కలిసేచోట రోడ్డుకు నిలువుగా ఇచ్చే పల్లపు వంపు) లెక్కిస్తున్నాను. దిగే వాలు 3 శాతం, ఎక్కే వాలు 2.5 శాతం, వేగం గంటకు 80 కిలోమీటర్లు, బండి ఆగడానికి కావలసిన చూపు దూరం 120 మీటర్లు. ప్రయాణ సౌఖ్యం ప్రకారం, త్వరణం మారే రేటును సెకను ఘనానికి 0.6 మీటర్లుగా తీసుకుంటే, సుమారు 63 మీటర్ల పొడవే చాలుతుంది. కానీ రాత్రిపూట బండి వెలుగు ఆ చూపు దూరం వరకు పడాలంటే, హెడ్‌లైట్ ఎత్తు 0.75 మీటర్లు, కాంతి కోణం 1 డిగ్రీ అనుకుంటే 139 మీటర్లు వస్తున్నందున 140గా తీసుకున్నాను.

అయితే ఈ హెడ్‌లైట్ సూత్రం వర్గ పరావలయం (ఎత్తు, దూరపు వర్గాన్ని బట్టి మారే వక్రం) మీద ఆధారపడినది. మా పాఠ్యపుస్తకమేమో సౌఖ్యం దృష్ట్యా ఘన పరావలయం (ఎత్తు, దూరపు ఘనాన్ని బట్టి మారే వక్రం) వాడమంటుంది. రెండు వాలురేఖలు కలిసే బిందువుకు పైన రోడ్డు మొదటి పద్ధతిలో 96 సెంటీమీటర్లు, రెండవ పద్ధతిలో 64 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అత్యల్ప బిందువు కూడా కర్వ్ మొదలు నుండి 76.4 మీటర్ల వద్ద కాక 73.3 మీటర్ల వద్ద పడుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఉండి, ఒక్క పెద్ద వానకే పొంగిపొర్లే వంక మీద కల్వర్టు కట్టేటప్పుడు 32 సెంటీమీటర్లు చిన్న తేడా కాదని నా అభిప్రాయం.

పొడవును వర్గ పరావలయంతో తేల్చి, ఆకారాన్ని ఘన పరావలయంతో గీయడం సమ్మతమేనా, లేక ఘన వక్రానికి హెడ్‌లైట్ దూరాన్ని విడిగా మళ్ళీ సరిచూడాలా? క్షేత్రస్థాయిలో మీరు అనుసరించే పద్ధతిని కారణంతో సహా తెలియజేయగలరు.