సవారీ కంచర గాడిద కోసం ఎలాంటి ఆడగుర్రాన్ని ఎంచుకోవాలి?

కొండదారి:
నా దగ్గర ఏడేళ్ల ఆడగుర్రం ఉంది. ఇంతవరకు రెండుసార్లు ఈనింది, రెండూ గుర్రపు పిల్లలే. ఈసారి మగ గాడిదతో దాటించి సవారీకి పనికివచ్చే కంచర గాడిదను పుట్టించాలనుకుంటున్నాను. గుర్రం నడక చాలా మెత్తన, కానీ కాస్త బెదురు మనిషి అన్నట్టు ఉంటుంది. గాడిద నెమ్మదైనదైతే పిల్లలో ఆ బెదురు తగ్గుతుందా? గాడిద ఎంత ఎత్తు ఉండాలి?

జీనుపట్టీ:
తగ్గదు. పిల్ల నెలల తరబడి తల్లి డొక్కను అంటిపెట్టుకునే తిరుగుతుంది కనుక, తల్లి దేనికి ఉలిక్కిపడితే అదీ దానికే ఉలిక్కిపడటం నేర్చుకుంటుంది. తండ్రి నుంచి పొడవాటి చెవులు, ఇరుకుగా నిటారుగా ఉండే గిట్టలు వస్తాయి. ఒళ్ళు, నడక చాలావరకు తల్లివే. భారం మోసే గుర్రాలకు పుట్టినదానిపై సవారీ చేసి నడుము పట్టేసిన వాడిగా చెబుతున్నాను, ముందు తల్లిని చూడండి.

నాలుగుగిట్టలు:
మీరంతా పిల్ల గురించి మాట్లాడుతున్నారు. మా గాడిద ఆడగుర్రం వంక కన్నెత్తి చూస్తేనే కదా పిల్ల పుట్టేది! ఆడ గాడిదల మధ్య పెరిగినందున, రెండేళ్లుగా మా గుర్రం ఎదకు వచ్చిన ప్రతిసారీ అది మూతి తిప్పుకుంటూనే ఉంది.

పాతరౌతు:
ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. దాటించాల్సిన గాడిదను పాలు మరిచిన నాటి నుంచి గుర్రపు పిల్లలతోనే పెంచాలి. ఆ అవకాశం దాటిపోయింది కనుక, ఎదకు వచ్చిన ఆడ గాడిదను ఎదురుగా కట్టి, మగ గాడిద సిద్ధమయ్యాక ఆడదాన్ని తప్పించి గుర్రాన్ని నిలబెట్టండి. గుర్రం ఎత్తుగా ఉంటే చిన్న గొయ్యి తవ్వి అందులో నిలపండి. గాడిద అరగంటైనా తీసుకుంటుంది, తొందరపెట్టవద్దు. పిల్ల పుట్టగానే తల్లి ముర్రుపాలు కడుపునిండా తాగిస్తే ఇక ఏ జబ్బూ దరిచేరదు.

ఎర్రమూత్రం:
అయ్యా, మీ చివరి వాక్యాన్ని నమ్మే నేను ఒక పిల్లను పోగొట్టుకున్నాను. అదే గుర్రానికి పుట్టిన మొదటి కంచర పిల్ల బంగారంలా ఉంది. రెండోది పుట్టిన గంటలో లేచి నిలబడి ముర్రుపాలు తాగింది. మర్నాటికి చిగుళ్ళు పసుపుపచ్చగా మారాయి, మూత్రం ముదురు ఎరుపులో పడింది, మూడో రోజుకు లేవలేదు.

పాతరౌతు:
అది మీ పాకలోని అశుభ్రత. నా చేతుల్లో అలా ఒక్కటీ పోలేదు.

ఎర్రమూత్రం:
పోయిన పిల్లలను లెక్కలో వేసుకోని వారికి ముప్పై ఏళ్ళైనా ఒకటే, మూడు వందల ఏళ్ళైనా ఒకటే.

పశువైద్యవిద్యార్థి:
దయచేసి ఇద్దరూ శాంతించండి. గాడిద ఎర్ర రక్తకణాలపై గుర్రాలకు లేని ఒక ప్రతిజనకం (ఒంటి రక్షణ వ్యవస్థ పరాయిదిగా గుర్తించే పదార్థం) ఉంటుంది, కంచర పిల్లకు అది తండ్రి నుంచి వస్తుంది. కాన్పులో పిల్ల రక్తం తల్లి రక్తంలో కలిస్తే తల్లి ఒంట్లో దాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు తయారై, తరువాతి చూలులో ముర్రుపాలలోకి దిగుతాయి. ఆ పాలు తాగిన పిల్ల ఎర్రకణాలు పగిలిపోతాయి. అందుకే మొదటి కంచర పిల్ల బతికి, రెండోది ప్రమాదంలో పడుతుంది. అదే తల్లి గుర్రంతో చూలు కడితే ఈ చిక్కు ఉండదు. ఈనడానికి కొద్ది వారాల ముందు తల్లి రక్తం పరీక్ష చేయించాలి. ప్రతిరక్షకాలు కనిపిస్తే పిల్ల మూతికి చిక్కం కట్టి, మొదటి ఒకటి రెండు రోజులు తల్లి పాలు పిండి పారబోస్తూ, ఎప్పుడూ కంచర పిల్లను ఈనని గుర్రపు ముర్రుపాలు పట్టాలి. అసలు ముర్రుపాలే మానేస్తే అంటురోగాలతో పోతుంది.

పాతరౌతు:
పుస్తకాలు చదివినవారు గొయ్యి తవ్వి చూపించండి.

జీనుపట్టీ:
జీను సంగతి ఎవరూ ఎత్తలేదు. కంచర గాడిదకు మూపు పల్లంగా ఉంటుంది కనుక దిగుడులో గుర్రపు జీను మెడమీదికి జారుతుంది. తోక కింద నుంచో తొడల వెనుక నుంచో పట్టీ లేకుండా కొండ దిగవద్దు. ఇంకొకటి, మగ పిల్లకు సంతానం కలగదని విత్తులు తీయించకుండా వదిలేయకండి, పొగరు మాత్రం తగ్గదు.

నాలుగుగిట్టలు:
సంతానం కలగదన్నారు, కానీ ఆడ కంచర గాడిద ఈనిన సందర్భాలున్నాయి కదా?

పశువైద్యవిద్యార్థి:
ఉన్నాయి, చాలా అరుదు. గుర్రానికి 64, గాడిదకు 62 క్రోమోజోములు. పిల్లకు 63 రావడంతో జతలు సరిగా కుదరవు. 2003లో అమెరికాలోని ఐడహోలో పుట్టిన కంచర గాడిదైతే క్లోనింగ్ బిడ్డ, ఆడ కంచర గాడిద ఈనినది కాదు.

కొండదారి:
గాడిద ఎత్తు ఎంత ఉండాలని అడిగాను.

ఎర్రమూత్రం:
అమెరికన్ మామత్ అనే పెద్ద గాడిద జాతిలో మగవి 56 అంగుళాలు, అంతకు మించి ఉంటాయి. మీ గుర్రానికి ఇదే మొదటి కంచర పిల్ల కనుక ఈసారికి భయం తక్కువ. అయినా చిక్కం ఒకటి సిద్ధం చేసుకోండి.

నాలుగుగిట్టలు:
పాతరౌతు గారు చెప్పినట్టే నిన్న గొయ్యి తవ్వించి, గుర్రాన్ని అందులో నిలబెట్టాం. మా గాడిద గట్టు మీద నిలబడి, తవ్విపోసిన మట్టిలో గడ్డివేళ్ళు ఏరుకు తింది.