సంఖ్యా సిద్ధాంతం ఆన్‌లైన్ సెమినార్: ప్రసంగాల రికార్డింగ్ యూట్యూబ్‌లో పెట్టాలా, వద్దా?

హబ్సిగూడ_నుంచి:
మా శనివారం సెమినార్ గురించి తెలియనివాళ్లకు ముందు ఒక మాట. హైదరాబాద్‌లోని రెండు మూడు క్యాంపస్‌ల పీహెచ్‌డీ విద్యార్థులం కలిసి దీన్ని జూమ్‌లో నడుపుతున్నాం. ఒకరు కందిలో, ఇంకొకరు శామీర్‌పేటలో, నేను ఇక్కడ హబ్సిగూడలో. అందరం ఒకచోట చేరాలంటే శనివారమంతా ఔటర్ రింగ్ రోడ్డు మీదే గడిచిపోతుంది, అందుకే ఆన్‌లైన్. ఇన్నాళ్లూ రికార్డింగ్ చేయలేదు. ఈ సెమిస్టర్ నుంచి ప్రతి ప్రసంగాన్నీ యూట్యూబ్‌లో పెడదామని నేనంటే, గ్రూపులో సగంమంది ససేమిరా అంటున్నారు. బయటివాళ్లు కూడా చెప్పండి.

మూడో_ఏడు_పీహెచ్‌డీ:
నేను ఆ ససేమిరా బ్యాచ్. అన్నా, "రికార్డింగ్ ఇన్ ప్రోగ్రెస్" అని ఆ గొంతు వినబడగానే ఏమవుతుందో మీకూ తెలుసు. అప్పటిదాకా "అసలు ఇక్కడ ఎల్-ఫంక్షన్ ఎందుకొచ్చింది?" అని అడిగేవాళ్లు కూడా మ్యూట్‌లోకి వెళ్లిపోతారు. మా సెమినార్‌కి ఉన్న విలువే ఆ పిచ్చి ప్రశ్నలు. యూట్యూబ్‌లో పెద్ద ప్రొఫెసర్ల ప్రసంగాలు ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. వాటి పక్కన మన తడబాట్లు కూడా చేర్చాలా?

డిగ్రీకాలేజీ_టీచర్:
నేను కోరేది ఆ తడబాట్లే బాబూ. పెద్దవాళ్ల ప్రసంగాల్లో మొదటి పది నిమిషాలకే నేను బయటపడిపోతాను. పైగా టైమింగు ఒకటి. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 1 గంట అంటే మనకు రాత్రి 10:30, చలికాలంలో 11:30. పొద్దున్నే 9 గంటల క్లాసు ఉన్నవాళ్లకు కుదిరే పనేనా? మీ సెమినారైతే సాయంత్రం ఉంటుంది, మధ్యలో ఆపి అడిగితే తెలుగులో కూడా చెబుతారు.

నాకు బాగా గుర్తున్న ప్రసంగం ఒకటుంది. పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యల మీద, మీరు స్మూత్ నంబర్లు అంటారే, వాటి మీద. x వరకు ఉన్న సంఖ్యల్లో, x వర్గమూలాన్ని మించిన ప్రధాన కారణాంకం లేనివి ఎన్ని? x పెరిగేకొద్దీ వాటి నిష్పత్తి 1 లోంచి 2 యొక్క సహజ లాగరిథమ్ తీసేస్తే వచ్చే విలువకు, అంటే సుమారు 0.307కి చేరువవుతుంది. ఈ ప్రశ్నను డిక్‌మన్ 1930లో ఎత్తుకున్నాడు. అంచనా ఎంతవరకు తప్పవచ్చో చెప్పే దోషపు హద్దుతో సహా కచ్చితమైన రుజువు 1949లో ఇచ్చింది ఎవరో తెలుసా? ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామస్వామి. పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే ఆధునిక పద్ధతులు ఎంత వేగంగా పనిచేస్తాయో అంచనా వేయడానికి ఈ లెక్కే ఆధారం. ఇదంతా మా బీఎస్సీ పిల్లలకు చూపించాలనుకున్నాను. ఆ సాయంత్రం మధ్యలో కరెంటు పోయింది. రెండో సగం ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. నిర్వాహకుల్ని అడిగితే స్లయిడ్లు పంపారు. స్లయిడ్ల మీద ఫార్ములాలుంటాయి గానీ, వక్త చేతులూపుతూ చెప్పే మాట ఉండదు కదా!

మూడో_ఏడు_పీహెచ్‌డీ:
మేడమ్, మీ మాట న్యాయమే. కానీ అది 1949 నాటి ఫలితం మీద పరిచయ ప్రసంగం. నేను చెప్పేది సగంలో ఉన్న నా థీసిస్ పని. రెండింటికీ ఒకే నియమం ఎలా?

గచ్చిబౌలి_గౌస్:
తమ్ముడితో ఏకీభవిస్తున్నా. ఆండ్రూ వైల్స్ 1993 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో మూడు ఉపన్యాసాలిచ్చి ఫెర్మా చివరి సిద్ధాంతం రుజువు చేశానన్నాడు. తర్వాత అందులో లోపం తేలింది. 1994లో రిచర్డ్ టేలర్ సాయంతో సరిదిద్దితే 1995లో అచ్చయింది. ఆ మధ్యకాలంలో ఆయన పడ్డ టెన్షన్ చాలదన్నట్టు ఆ వీడియో, దాని కింద మన కామెంట్లు కూడా ఉంటే ఎలా ఉండేది? ఒక్కసారి ఊహించండి.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
గౌస్ గారూ, ఉదాహరణ మంచిదే గానీ మీ వాదనకు పనికిరాదు. ఆ లోపం ఆ హాల్లో కూర్చున్న మహామహులెవరికీ కనబడలేదు. తర్వాత రాతప్రతిని వరుస వరుసా చదువుతూ నికొలస్ కాట్జ్ అడిగిన ప్రశ్నల వల్ల బయటపడింది. ప్రసంగం విని రుజువును తూచడం ఎవరి తరమూ కాదు, రికార్డింగ్ ఉన్నా లేకపోయినా.

మీకు 1978 సంగతి చెబుతాను. మార్సేల్‌లో రోజర్ అపెరీ ప్రసంగం. 1 + 1/8 + 1/27 అంటూ ఘనాల విలోమాలన్నీ కూడితే వచ్చే మొత్తం, అదే జీటా(3), కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది అని ఆయన ప్రకటించాడు. వాదన ఎంత వింతగా ఉందంటే, విన్నవాళ్లలో చాలామంది నమ్మలేదు. కోహెన్, లెన్‌స్ట్రా, వాన్ డెర్ పూర్టెన్ తర్వాత కూర్చుని వివరాలు పూరిస్తే నిజమని తేలింది. రెండు నెలలకు హెల్సింకీ గణిత మహాసభలో కోహెన్ ఆ రుజువును వివరించాడు. అక్కడ ఒక రికార్డింగ్ ఉండి ఉంటే ఆయన చెప్పిందేమిటో, చెప్పకుండా వదిలేసిందేమిటో మళ్లీ విని చూసుకునే వీలుండేది. నమ్మనివాళ్ల ముఖకవళికలు కూడా చూసేవాళ్లం, అది వేరే సంగతి.

కూకట్‌పల్లి_కోడర్:
నేను గణితం వదిలేసి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ణి, అయినా వారాంతాల్లో ఇదే లోకం. 2013లో యితాంగ్ ఝాంగ్ ఏం చేశాడు? 7 కోట్ల లోపు తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయని నిరూపించాడు. ఆ 7 కోట్లను తగ్గించే పనిని పాలీమ్యాత్ వాళ్లు, అంటే ఆన్‌లైన్‌లో కలిసి గణితం చేసే బృందం, బాహాటంగా, అందరూ చూస్తుండగా బ్లాగులో చేశారు. జేమ్స్ మేనార్డ్ విడిగా 600కి తెచ్చాడు, తర్వాత పాలీమ్యాత్ దాన్ని 246కి దించింది. తప్పు లెక్కలు, సగం ఆలోచనలు అన్నీ బయటే పెట్టుకున్నారు. ఎవరి పరువూ పోలేదు.

మూడో_ఏడు_పీహెచ్‌డీ:
బ్రో, ఆ బ్లాగు టెరెన్స్ టావ్‌ది. అప్పటికే గణితంలో నోబెల్ లాంటి ఫీల్డ్స్ పతకం ఉన్నాయన. సగం ఆలోచన బయట పెడితే ఆయనకు పోయేదేముంది? నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఆలోచన. పోస్ట్‌డాక్‌లు, జీతాలు ఉన్న పెద్ద గ్రూపు ఎక్కడో ఆ వీడియో చూసి పదిహేను రోజుల్లో పూర్తి చేస్తే, "ఐడియా ఆ అబ్బాయిదే" అని ఒక ఫుట్‌నోట్ వేస్తారు. ఆ ఫుట్‌నోట్‌తో ఫెలోషిప్ పొడిగించరు.

కూకట్‌పల్లి_కోడర్:
వీడియో మీద తేదీ ఉంటుంది కదా, అదే నీ సాక్ష్యం.

మూడో_ఏడు_పీహెచ్‌డీ:
సాక్ష్యం ఎవరి ముందు పెట్టాలి? దీనికి కోర్టుందా?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
ఈ ఒక్క విషయంలో అబ్బాయితో వాదించలేను. రిస్కు అతనిది, లాభం మనది. అయినా ఆర్కైవ్‌లో, అదే పరిశోధన పేపర్లు అందరికీ ఉచితంగా దొరికే వెబ్‌సైట్‌లో, పేపర్ పెట్టాక ఇంక దాపరికం దేనికి?

హబ్సిగూడ_నుంచి:
ఇంతమంది చెప్పాక నా ప్రతిపాదన మారుస్తున్నా. రికార్డింగ్ ప్రసంగానికి మాత్రమే, ప్రశ్నలు మొదలవగానే ఆఫ్. యూట్యూబ్‌లో పెట్టాలా వద్దా అన్నది వక్త ఇష్టం, అదీ ప్రసంగం అయ్యాక అడుగుతాం. ఆర్కైవ్‌లో లేని పని మీద ప్రసంగమైతే అసలు అడగం. పరిచయ ప్రసంగాలు మాత్రం తప్పకుండా పెడతాం. టీచర్ గారూ, ఆ స్మూత్ నంబర్ల వక్తకు మెయిల్ చేశాను, మళ్లీ చెప్పడానికి ఒప్పుకున్నారు.

డిగ్రీకాలేజీ_టీచర్:
సంతోషం. కానీ ప్రశ్నల భాగం తీసేస్తున్నారంటే నాకు కావలసింది తీసేస్తున్నట్టే. నా అసంతృప్తి నమోదు చేసుకోండి.

మూడో_ఏడు_పీహెచ్‌డీ:
వక్త ఇష్టం అని రాయడం తేలిక అన్నా. గైడ్ పక్కనుండి "పెట్టెయ్యి, మన డిపార్ట్‌మెంట్‌కి పేరొస్తుంది" అంటే నేను వద్దనగలనా?

హబ్సిగూడ_నుంచి:
ఫామ్ నేరుగా నీకే వస్తుంది. గైడ్‌కి కాపీ వెళ్లదు. వీడియో రాలేదేమని ఎవరైనా అడిగితే "టెక్నికల్ ప్రాబ్లమ్" అని మేమే చెబుతాం.

మూడో_ఏడు_పీహెచ్‌డీ:
అలాగైతే సరే. ఒక్క షరతు. ఆ ఫామ్‌లో "వద్దంటే కారణం రాయండి" అనే గడి పెట్టకండి.