డచ్చి ఇంటిపేర్లు: నెపోలియన్ కథ నిజమేనా?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. వాట్సాప్‌లో ఒక ముచ్చట తెగ తిరుగుతోంది. నెపోలియన్ హాలండును ఆక్రమించి అందరూ ఇంటిపేరు పెట్టుకోవాల్సిందేనని హుకుం జారీ చేశాడట. ఈ దొర ఎన్నాళ్లుంటాడులే అని జనం వెటకారంగా 'నాక్ట్‌గెబోరెన్', అంటే దిగంబరంగా పుట్టినవాడు, లాంటి పేర్లు రాయించుకున్నారట. నిజమేనా? 'వాన్' అనేది జమీందారీ బిరుదు అని కూడా రాశారు అందులో.

జవాబు:
హుకుం నిజం, వెటకారం కట్టుకథ. 1810లో నెదర్లాండ్స్‌ను ఫ్రాన్సులో కలిపేసుకున్నారు. ఇంటిపేరు లేనివాళ్లు ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలని 1811 ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. కానీ నగరాల్లో, పడమటి ప్రాంతంలో చాలామందికి అప్పటికే ఇంటిపేర్లున్నాయి. కొత్తగా వెతుక్కోవాల్సి వచ్చింది ఎక్కువగా ఫ్రీస్లాండ్ లాంటి ఉత్తరాది జిల్లాల వాళ్లే. అక్కడ తండ్రి పేరే ఆనవాలు. పీటర్ కొడుకు యాన్ అయితే 'యాన్ పీటర్స్', ఆ యాన్ కొడుకు క్లాస్ అయితే 'క్లాస్ యాన్స్'. తరానికోసారి పేరు మారిపోతుంటే పన్నులు వేసేవాడికీ, సైన్యంలోకి పట్టుకెళ్లేవాడికీ లెక్క తేలుతుందా? అదీ ఫ్రెంచివాళ్ల టెన్షన్. అయినా అందరూ దారికి రాలేదు. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయాక 1825లో సొంత రాజు మొదటి విలియం మళ్లీ ఉత్తర్వు వేయాల్సి వచ్చింది.

ఇక 'నాక్ట్‌గెబోరెన్' నెపోలియన్ కంటే పాత పేరు. తండ్రి పోయాక పుట్టిన బిడ్డను జర్మన్‌లో 'నాఖ్‌గెబోరెన్' అంటారు. అదే డచ్చి నోళ్లలో పడి అలా మారిందని పండితుల మాట. నవ్వుకోవడానికి అందులో ఏమీ లేదు పాపం.

'వాన్' బిరుదు కాదండీ. 'ఫలానా చోటివాడు' అని చెప్పే విభక్తి లాంటిది, అంతే. జర్మన్ 'ఫోన్'కి ఉన్న గొప్పింటి వాసన దీనికి లేదు. వాన్ డెన్ బెర్గ్ అంటే కొండ దగ్గరివాడు. (ఆ దేశంలో కొండ ఎక్కడిది అనకండి, కాస్త మిట్ట కనిపిస్తే చాలు వాళ్లకు.) చిత్రకారుడు వాన్ గో పేరులో ఉన్నది గోఖ్ అనే ఊరు. ఇప్పుడది సరిహద్దు దాటి జర్మనీలో ఉంది. అన్నిటికంటే నాకు నచ్చేది చిత్రకారుడు రెంబ్రాంట్ పూర్తి పేరు: రెంబ్రాంట్ హార్మెన్స్‌జోన్ వాన్ రైన్. మొదటిది తన పేరు, రెండోది 'హార్మెన్ కొడుకు', మూడోది రైన్ నది. లైడెన్‌లో ఆ నది పాయ ఒడ్డునే వాళ్ల నాన్న పిండిమర ఉండేది. మనిషి చిరునామా అంతా పేరులోనే!

వృత్తి పేర్లు తేలిక. బక్కర్ రొట్టెలు కాల్చేవాడు, విస్సర్ చేపలు పట్టేవాడు, ముల్డర్ పిండిమరవాడు, డె బూర్ రైతు. నెదర్లాండ్స్‌లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఇంటిపేరు 'డె యోంగ్'. అంటే చిన్నవాడు. తండ్రీకొడుకులకు ఒకే పేరుంటే కొడుకును అలా పిలిచేవారు.

ఇంకొకరు:
మరి 'డైక్‌స్ట్రా' సంగతేంటి? అల్గారిథమ్స్ క్లాసులో మా అందరికీ నోరు తిరిగేది కాదు.

జవాబు:
1959లో అతి దగ్గరి దారి కనిపెట్టే పద్ధతిని ప్రచురించిన కంప్యూటర్ శాస్త్రవేత్తేగా! పుట్టింది రాటర్‌డామ్‌లోనైనా పేరు మాత్రం ఫ్రీస్లాండ్ బాణీ. 'డైక్' అంటే నీటిని ఆపే కట్ట, చివరి 'స్ట్రా' అంటే అక్కడ ఉండేవాడు. ఫుట్‌బాల్ ఆటగాడు వర్జిల్ వాన్ డైక్ ఇంటిపేరుకూ ఇంచుమించు అదే అర్థం. ఒకటి ఉత్తరాది పద్ధతి, ఇంకొకటి మామూలు డచ్చి పద్ధతి. 'స్ట్రా', 'మా', 'ఇంగా'లతో ముగిసే పేరు కనిపిస్తే ఫ్రీస్లాండ్ వైపు వాళ్లేమో అనుకోవచ్చు.

మరొకరు:
మాది బందరు. మా ఊళ్లో వలందపాలెం ఉంది. దానికీ హాలండుకూ చుట్టరికం ఉందంటారు.

జవాబు:
ఉందండీ. హాలండువాళ్లే మన నోట్లో 'వలందా'లయ్యారు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి కంపెనీ బందరులో కోఠీ, అంటే వర్తక కేంద్రం, తెరిచింది. ఆ కాలపు రికార్డులు చదివే ఆసక్తి ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పేరు చివర 'స్జ్' (sz) అని రాసి చుక్క పెడితే అది 'జోన్', అంటే కొడుకు, అనే మాటకు పొట్టిరూపం. దాన్ని ఇంటిపేరనుకుని వంశవృక్షం గీస్తే రెండో తరానికే తప్పిపోతారు. ఇంకో తిరకాసు. నెదర్లాండ్స్ జాబితాల్లో వాన్ డెన్ బెర్గ్‌ను 'వాన్' దగ్గర వెతికితే దొరకడు, 'బెర్గ్' దగ్గర చూడాలి. బెల్జియంలో అయితే 'వాన్' దగ్గరే ఉంటాడు.