పసుపు మరక మీద సబ్బు నీళ్లు పోశాను, సోఫా ఎర్రబడింది. ఏం చేయాలి?

కొరిటెపాడు కోడలు:

మాది గుంటూరు. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి నాలుగేళ్లు, బుడ్డోడికి ఏడాదిన్నర. పోయిన దసరాకి ముచ్చటపడి క్రీమ్ కలర్ గుడ్డ సోఫా కొన్నాం. కొనేటప్పుడే మా అత్తయ్యగారు "పిల్లలున్న ఇంట్లో ఈ రంగేంటమ్మా, మట్టి రంగు చూడు" అన్నారు. నేను వినలేదు. ఆ మాట ఆవిడ ఇంతవరకూ మళ్లీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

మొన్న ఆదివారం పెద్దదానికి ముద్దపప్పు, ఆవకాయ కలిపి గిన్నెలో పెట్టిచ్చాను. టీవీ చూస్తూ సోఫా మీద తింటోంది. తమ్ముడు వచ్చి గిన్నె లాగాడు, బోర్లా పడింది. కంగారులో తడిగుడ్డ పెట్టి గట్టిగా రుద్దాను. అరచేతంత మరక పళ్లెమంత అయింది. సరే అని బట్టల సబ్బు పొడి నీళ్లలో కలిపి పోశాను. అంతే, పచ్చగా ఉన్నది కాస్తా ఎర్రగా తిరిగింది! మా ఆయన వచ్చి చూసి "సోఫాకి దిష్టి తీసి నీళ్లు ఇక్కడే పోశావా ఏంటి" అన్నారు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

ఇంకో బాధ. అదే సీటు మీద బుడ్డోడు రెండుసార్లు పాస్ పోశాడు. కిందటి నెల క్లీనింగ్ వాళ్లని పిలిపిస్తే నీళ్లు కొట్టి, మిషన్‌తో లాగి వెళ్లారు. మూడు రోజులు ఆరలేదు, వాసన తగ్గకపోగా పెరిగింది. మళ్లీ ఎవర్నైనా పిలవాలంటే భయం. వచ్చే వారం మా ఆడపడుచు వాళ్లు వస్తున్నారు. ఇంట్లో ఉన్నవాటితో అయ్యే పని ఏదైనా చెప్పండి.

పటమట నుంచి ఇద్దరబ్బాయిల తల్లి:

టెన్షన్ పడకండి, ఆ ఎరుపు పోతుంది. మీవారు సరదాకి అన్నా అసలు సంగతి అదే. దిష్టి నీళ్లలో పసుపుకి సున్నం తగిలి ఎర్రబడుతుంది. పారాణి కూడా అంతే కదా. సబ్బు పొడిలో ఉండేదీ సున్నం లాంటి క్షారమే. అందుకని యూట్యూబ్ చూసి వంట సోడా ముద్ద పెట్టకండి, అదీ ఎర్రబరుస్తుంది.

పులుపు తగిలితే మళ్లీ పచ్చకి వస్తుంది. ఒక నిమ్మకాయ పిండి గ్లాసుడు నీళ్లలో కలిపి, తెల్లగుడ్డతో అద్దండి. రుద్దొద్దు. ముందు సోఫా వెనక, గోడవైపు చిన్నచోట అద్ది చూడండి, కొన్ని గుడ్డలకి రంగు దిగుతుంది. తర్వాత మంచినీళ్లతో అద్ది, ఎండలో పెట్టండి. పసుపుకి ఎండంటే పడదు. కొత్త బట్టల అంచుకి పెట్టిన పసుపు బొట్టు నాలుగుసార్లు ఉతికి ఆరేసేసరికి ఎక్కడుంటుంది చెప్పండి?

ఇంకోసారి ఆవకాయ పడితే (పడుతుంది) ముందు చెంచాతో ఎత్తేసి, నూనె మీద మొహానికి రాసుకునే పౌడర్ చల్లి అరగంట వదిలేయండి. నూనె పీల్చుకున్నాక దులిపి అప్పుడు తడి చేయండి. మా ఇంట్లో మాత్రం సోఫా మీద తిండి బంద్, కింద చాప వేసి పెడతాను. పిల్లలు వింటారు. క్రికెట్ ఉన్న రోజున వాళ్ల నాన్నే వినరు.

కుషన్ పని, సింగ్‌నగర్:

అమ్మా, నేను విజయవాడలో సోఫాలు కుట్టేవాణ్ణి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత మా ఏరియాలో ఎన్ని సోఫాలు విప్పానో లెక్కలేదు. పైగుడ్డ ఆరిపోయి బాగానే కనిపించేది, విప్పితే లోపల ఫోమ్ నల్లగా బూజు. మీ వాసన కూడా అక్కడే ఉంది. నీళ్లు లోపలికి కొట్టారు, బయటికి లాగలేదు.

సీటు కుషన్‌కి జిప్ ఉంటే తీసి ఫోమ్ బయట పెట్టండి. వెనిగర్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి మరక ఉన్నంతమేరే చిలకరించి, పాత టవల్ వేసి మోకాలితో నొక్కండి. టవల్ తడి తాగడం మానేదాకా మారుస్తూ నొక్కాలి. ఆ తర్వాత పడుకోబెట్టొద్దు, అంచు మీద నిలబెట్టి ఫ్యాన్ కింద రెండు రోజులు వదిలేయండి. పూర్తిగా ఆరాక వంట సోడా చల్లి, రాత్రంతా ఉంచి దులపండి. పటమట అక్క వద్దన్నది పసుపు మరక మీద, ఫోమ్ మీద పర్లేదు.

జిప్ ఉంది కదా అని కవర్ తీసి మిషన్‌లో పడేయకండి. జిప్ మేము కుట్టుకోవడానికి పెట్టుకునేది, కొన్ని గుడ్డలు ఉతికితే ముడుచుకుపోయి మళ్లీ ఎక్కవు. కంపెనీ సోఫా అయితే కింద లేబుల్ మీద అక్షరం చూడండి. డబ్ల్యూ అంటే నీళ్లు పడతాయి. ఎస్ ఒక్కటే ఉంటే పడవు, డ్రైక్లీనింగ్ మందే వాడాలి. ఎక్స్ అంటే వ్యాక్యూమ్ తప్ప ఏదీ వద్దని.

బుడ్డోడు కూర్చునే సీటు ఒక్కదానికి ఫోమ్‌కీ కవర్‌కీ మధ్య పసిపిల్లల పక్క కింద వేసే రబ్బరు షీటు వేయండి. మూడింటికీ వేయకండి, ఎండాకాలం కూర్చోలేరు. రెక్సిన్‌కి మారుద్దామా అని చాలామంది అడుగుతారు. చవక రెక్సిన్ మన వేడికి, చెమటకి పొట్టు లేస్తుంది, ఆ పొట్టు పిల్లలు గిల్లుతూ కూర్చుంటారు. నాకు పని దొరుకుతుంది గానీ మీకు డబ్బు దండగ.

బ్రాడీపేట నాన్న:

మరకలు తీయడం నాకు రాదు. బాల్‌పెన్ను గీతలు మాత్రం దూదికి హ్యాండ్ శానిటైజర్ ముంచి అద్దితే వదిలాయి, మూడు దూది ఉండలు పట్టాయి. మిగతా అంతటికీ మా అమ్మ పాత నేత చీరలు రెండు మడతలు వేసి సోఫా మీద పరిచి, అంచులు సందుల్లోకి దోపేసింది. వారానికోసారి ఉతుకుతాం. మా సోఫా అసలు రంగు చుట్టాలకే తెలుసు.

కొరిటెపాడు కోడలు:

అందరికీ థ్యాంక్స్ అండి. నిమ్మరసం అద్దగానే ఎరుపు కాస్తా పచ్చగా మారింది. మా పెద్దది చూసి "అమ్మా, మళ్లీ ఎర్రగా చెయ్" అని గొడవ. కవర్ మూడు రోజులు డాబా మీద ఎండలో పెట్టాను. ఇప్పుడు మరక ఎక్కడో నాకు తెలుసు కాబట్టి కనిపిస్తోంది, అత్తయ్యగారికి కనపడలేదు.

జిప్ తీస్తే ఫోమ్ కింద మరమరాలు, సగం బిస్కెట్, నేను పనిమనిషిని అడిగి నొప్పించిన వెండి పట్టీ దొరికాయి. ఆ అమ్మాయికి రేపు పొద్దున్నే సారీ చెప్పాలి. వాసన చాలావరకు పోయింది.

ఒక్క డౌట్. ఎండలో పెట్టిన కవర్ మిగతా రెండిటికన్నా తెల్లగా కనిపిస్తోంది. వాటినీ ఎండలో పెట్టేదా?

కుషన్ పని, సింగ్‌నగర్:

వద్దమ్మా, గుడ్డ బలం పోతుంది. ఆ కుషన్ తీసి గోడవైపు చివర వేయండి, పైన దిండు పెట్టండి.