అప్‌డేట్: యగియెల్లో వంశంలో పియాస్ట్ రక్తం ఉందా?

పోలండ్ రాణి యాద్విగా ద్వారా, ఆ దేశాన్ని మొదట ఏలిన పాత పియాస్ట్ రాజుల రక్తం, ఆమె భర్త యగియెల్లోతో మొదలైన యగియెల్లో రాజవంశానికి వచ్చిందా అని ఇంతకుముందు అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. వంశవృక్షం గీసుకుంటూ కూర్చుంటే విషయం తేలింది.

యాద్విగా ద్వారా రాలేదు. 1399లో ఆమెకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు కొన్ని వారాలకే చనిపోయింది. నాలుగు రోజుల తర్వాత తల్లీ పోయింది. ఇది చదివి చాలాసేపు మనసు బాగోలేదు. నగలన్నీ క్రాకోవ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చేసింది కాబట్టి, కర్ర, తోలుతో చేసి బంగారు పూత పూసిన రాజచిహ్నాలతో ఆమెను సమాధి చేశారట.

వంశం నిలబెట్టిన కొడుకులు యగియెల్లో నాలుగో భార్య సోఫియా బిడ్డలు. ఆమె లిథువేనియా వైపు కులీన కుటుంబం.

అయితే నేను అసలు ఊహించనిది ఇంకోటుంది. సోఫియా కొడుకు నాలుగో కజిమిర్ 1454లో ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె తల్లికి తండ్రి, పవిత్ర రోమన్ చక్రవర్తి సిగిస్మండ్. ఆయన తల్లి, చివరి పియాస్ట్ రాజు మూడో కజిమిర్‌కు స్వయానా మనవరాలు, కూతురి కూతురు! అంటే ఆ రక్తం కోడలి వైపు నుంచి తిరిగొచ్చింది.