ఫైనైట్ షెడ్యూలింగా, ఇన్‌ఫైనైట్ షెడ్యూలింగా: గేర్ షాపుకి ఏది పనికొస్తుంది?

గేర్‌ప్లాన్: ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లో ఎంఆర్‌పీ (ఏది ఎప్పుడు కావాలో లెక్కేసే భాగం) మెషిన్ ఖాళీ చూడదు, డెలివరీ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి వర్క్ ఆర్డర్లు వదులుతుంది. ఇన్‌ఫైనైట్ షెడ్యూలింగ్ అంటే ఇదే. మెషిన్ గంటలు చూసి తేదీలు వేసే ఫైనైట్ షెడ్యూలర్ కొనడం దండగా?

హాబింగ్‌లైన్: దండగేం కాదు. గేర్ పళ్ళు కోసే హాబింగ్ మెషిన్ ఒకటి తీసుకోండి. రోజుకు 8 గంటల షిఫ్టులు 2, వారానికి 6 రోజులు: 96 గంటలు. బ్రేక్‌డౌన్లూ హాబ్ (కట్టర్) మార్పిడీ పోను 85 శాతం వేసుకుంటే 81.6. ఒకే వారంలో 200 గేర్లు (ఒక్కోటి 18 నిమిషాలు, సెటప్ 3 గంటలు), ఇంకో రకం 120 (15 నిమిషాలు, సెటప్ 2 గంటలు) పడ్డాయి. 63, 32 కలిపి 95 గంటలు. ఎంఆర్‌పీ రెండింటికీ అదే శనివారం తేదీ ఇస్తుంది. మిగిలే 13.4 గంటల పని ఎవరు చేస్తారు? ఫైనైట్‌లో రెండో ఆర్డర్ పైవారానికి జరిగిందని ఇవాళే తెలుస్తుంది.

లోడ్‌చార్ట్: హాబింగ్‌లైన్ గారూ, లోడ్ రిపోర్టు (ఉన్న గంటల్లో ఎంత శాతం పని పడిందో చూపేది) తీస్తే అదే వారం 116 శాతం అని కనబడుతుంది కదండీ. అది చూసి ఆదివారం షిఫ్టు నడపాలా, జాబ్ వర్కుకి బయటికివ్వాలా అన్నది ప్లానర్ తేల్చాలి. షెడ్యూలర్ మారుమాట లేకుండా తేదీ జరిపేస్తే ఓవర్‌టైమ్‌తో తీరిపోయేది కాస్తా లేట్ డెలివరీ అవుతుంది. పైగా రౌటింగులో (ఆపరేషన్ల వరుస, సమయాలు రాసుకున్న పట్టికలో) 18 నిమిషాలని ఉండి ఫ్లోర్ మీద 22 పడుతుంటే 200 గేర్లకే 13 గంటలకు పైగా తేడా. ఆ తర్వాతి ఆపరేషన్ల తేదీలన్నీ తప్పుతాయి.

ఫర్నేస్‌సైడ్: ఇద్దరూ హాబింగ్ దగ్గరే ఆగారు. కార్బరైజింగ్ (ఫర్నేస్‌లో గేర్ పైపొరకి కార్బన్ ఎక్కించి గట్టిపరచడం) చేసే చాలా షాపుల్లో పని ఇరుక్కునేది ఫర్నేస్ దగ్గర. దాని కెపాసిటీ గంటల్లో కాదు, ఛార్జ్‌ల్లో లెక్క; ఛార్జ్ అంటే ఒక్కసారి లోపల పెట్టే సరుకు. 400 కిలోల ఛార్జ్ అనుకోండి. 0.8 మి.మీ. కేస్ డెప్త్ (గట్టిపడిన పైపొర లోతు) కావలసినవీ 1.2 కావలసినవీ ఒకే ఛార్జ్‌లో పెట్టలేం, వేడిలో ఉంచే సమయం వేరు. 150 కిలోలకే ఫర్నేస్ మూసినా సైకిల్ అంతా పడుతుంది. దాన్ని మామూలు మెషిన్‌లా గంటల్లో ఎక్కిస్తే ఏ షెడ్యూలర్ ఇచ్చినా తప్పు తేదీయే.

నా మాట: ఫర్నేస్‌కి మాత్రం ఫైనైట్, మిగతా అన్నిటికీ లోడ్ రిపోర్టు. థియరీ ఆఫ్ కన్‌స్ట్రెయింట్స్ రూపొందించిన గోల్డ్‌రాట్ చెప్పిన డ్రమ్-బఫర్-రోప్ (పని ఇరుక్కునే చోటి వేగాన్ని బట్టే కొత్త పని వదిలే పద్ధతి) ఇదే. ఫర్నేస్ ముందు రెండు రోజుల పని ఉంచి, అది లాగేకొద్దీ కొత్త బార్ కోతకి వదలాలి. లేట్ అవుతోందని లీడ్ టైమ్ 3 వారాల నుంచి 4కి పెంచడం మాత్రం వద్దు. ఆర్డర్లు వారం ముందే ఫ్లోర్ మీదికొస్తాయి, క్యూలు పెరుగుతాయి, మళ్ళీ లేటే.

లోడ్‌చార్ట్: ఫర్నేస్ వరకు సరే, ఒప్పుకుంటున్నా. కానీ హాబింగ్ మెషిన్లు రెండున్నా ఆ గేర్‌కి ఆర్బర్ (గేర్‌ని మెషిన్ మీద పట్టి ఉంచే షాఫ్ట్) ఒక్కటే ఉంటే?

హాబింగ్‌లైన్: ఆర్బర్‌ని కూడా మెషిన్‌తో పాటు వనరుగా ఎక్కించాలి, లేకపోతే ఒకే గేర్‌ని రెండు మెషిన్ల మీదా ఒకే గంటకి వేస్తుంది. గేర్‌ప్లాన్ గారూ, కొనేముందు ఫర్నేస్‌కి వెళ్ళే 20 పార్టులకి సైకిల్ టైమ్, సెటప్, బరువు, కేస్ డెప్త్ ఫ్లోర్ మీద కొలిపించండి. వచ్చే 3 రోజుల వరుసను ఫ్రీజ్ చేయకుండా మాత్రం షెడ్యూలర్‌ని నడపకండి. ప్రతి అర్జెంట్ ఆర్డర్‌కీ వరుస తిరగేస్తుంటే గంటలన్నీ సెటప్‌లకే పోతాయి.